తొట్టిలో వాలు రాయి

మార్చి 4

కాలు ఒక్కచోట నిలవని మా మిడతకి,

మీరు క్షేమంగా చేరిన సంగతి మీ నాన్న ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు. ఫోను అందాలంటే అక్కడ గుట్ట ఎక్కాలట. ఎక్కినా సగం మాటల్ని గాలి ఎగరేసుకుపోతుందట. అందుకే ఉత్తరాలే నయమనుకున్నాను. కాగితం మీద పెట్టిన మాటని గాలి ఏం చేస్తుంది?

ఉత్తరానికి ఒక పద్ధతి ఉండాలి. ముందు ఆరోగ్యం, తర్వాత తిండి, తర్వాత చదువు, చివర్లో కబుర్లు. నువ్వు కబుర్లతో మొదలుపెట్టి, వాటితోనే ముగించే రకానివని తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఇక్కడ అందరం ఆరోగ్యంగా ఉన్నాం. ఇంటి పక్కనే మావయ్య బైండింగ్ కొట్టులో బడిపుస్తకాల పని ఎక్కువగా ఉంది, ఇంటికొచ్చినా చేతులకి జిగురు వాసన పోవడం లేదు. నీ గదిలో ఏదీ కదపలేదు. ఉదయం తుడుస్తాను, సాయంత్రం కిటికీ మూస్తాను. మంచం మీద నువ్వు సగం చదివి బోర్లించిన పుస్తకం బోర్లానే ఉంది. దుమ్ము మాత్రం దులిపి, మళ్ళీ అదే పేజీకి బోర్లించాను.

మనం అనుకున్నది గుర్తుంది కదా. నీకు నడక కూడా సరిగ్గా రాని రోజుల్లో మీ అమ్మ పోతే నిన్ను తెచ్చుకున్నాను. ఇప్పుడు మీ నాన్నకి ఆ గడ్డి పరిశోధన శిబిరంలో జీపు నడిపే పని స్థిరపడింది, ఇల్లు కూడా ఇచ్చారు. అందుకని ఈ ఒక్క ఏడాది నువ్వు వాడి దగ్గర. అక్కడి బడి ఏడాది ముగిసే నవంబరులో పరీక్షలయ్యాక, అక్కడే ఉండిపోతావో నా దగ్గరికి వచ్చేస్తావో నువ్వే చెప్పాలి. అప్పటిదాకా నిన్నెవరూ అడగకూడదని పెద్దవాళ్ళం ముగ్గురం ఒట్టేసుకున్నాం. నేను అడగడం లేదు. గుర్తు చేస్తున్నానంతే.

నీకొక మంచి కబురు. పెరట్లో నీ సిమెంటు తొట్టి ఉందే, నువ్వు చెరువు అని పిలిచేది, దాన్ని బాగుచేశాను. ఎంత పాడుపెట్టావే తల్లీ! గోడలకి వేలెడు మందాన పచ్చటి జిగట. అడుగున కుళ్ళిన ఆకులు. నీళ్ళన్నీ పారబోసి, కొబ్బరి పీచుతో సబ్బు పెట్టి రుద్ది, కుళాయి నీళ్ళు నింపాను. నత్తల్ని కూడా ఒక్కొక్కటే కడిగి వేశాను. ఇప్పుడు వంగి చూస్తే అడుగున సిమెంటు గీతలు కూడా కనిపిస్తున్నాయి. ప్రతి శుక్రవారం ఇలాగే కడిగి, నువ్వొచ్చేసరికి అద్దంలా ఉంచుతాను.

నీ దిండు గలేబు ఉతికి ఆరేసి వచ్చిన
అత్త


మార్చి 19

అయ్యో అత్తా!

సబ్బా? సబ్బు పెట్టావా? నీ ఉత్తరం అక్కడిదాకా చదివి నేను గట్టిగా అరిస్తే నాన్న స్పానరు కింద పడేసుకున్నాడు. నత్తలు బతికున్నాయా? ముందు అది చెప్పు.

అది పాడుపెట్టడం కాదు అత్తా. ఆ పచ్చ జిగట నాచు. ఎండని తిని నీళ్ళలో తిండి తయారుచేసేది అదొక్కటే. ఇక్కడ పక్క ఊరి బడిలో మా టీచరు దాన్ని ఉత్పత్తిదారు అంటుంది. దాన్ని నత్త తింటుంది, దోమ పిల్లలు తింటాయి. నత్తని వినియోగదారు అంటారు. కుళ్ళిన ఆకులని నువ్వు పారేసిన వాటిలో కంటికి కనిపించని వాళ్ళు కోట్లమంది ఉంటారు. వాళ్ళు చచ్చినవాటిని విడగొట్టి మళ్ళీ మట్టిలోకి, నీళ్ళలోకి కలిపేస్తారు. వాళ్ళు విచ్ఛిన్నకారులు. ఈ ముగ్గురూ, ఎండా, నీళ్ళూ, బురదా అంతా కలిస్తే ఒక ఆవరణ వ్యవస్థ. నువ్వు ఆ ముగ్గురిలో ఇద్దరిని పీచుతో రుద్దేశావు.

ఏం చెయ్యాలంటే, నీళ్ళు పారబొయ్యి. కుళాయి నీళ్ళు రెండ్రోజులు ఎండలో ఉంచి, అప్పుడు తొట్టిలో పొయ్యి. ఇటుకల బట్టీ వెనకాల నీటిగుంట ఉంది కదా, అక్కడినుంచి ఒక క్యాను బురదా, ఒక క్యాను నీళ్ళూ, పైన తేలే చిన్న చిన్న పచ్చ ఆకులూ తెచ్చి వెయ్యి. తర్వాత ఏమీ చెయ్యకు. నీకు కష్టమే, తెలుసు. కానీ ఏమీ చెయ్యకు. ఊరికే చూడు.

ఇక్కడ ఏమీ లేదు అత్తా. నాకంటే పొడుగు చెట్టు ఒక్కటి కూడా లేదు. రేకుల ఇళ్ళు నాలుగు, ఒక జీపు, అంతే. మిగతాదంతా ఎండిపోయిన గడ్డి. గాలి వీస్తే ఆ చివరనుంచి ఈ చివరకి ఒక్క మడత కదిలి వస్తుంది, ఎవరో పసుపు దుప్పటి దులిపినట్టు. సాయంత్రం గుమ్మంలో కూర్చుని చూస్తుంటే నేను ఉన్నానో లేనో కూడా మర్చిపోతాను.

నీ
మి.


ఏప్రిల్ 6

మిడతకి,

నత్తల్లో మూడు బతికాయి. మిగతావాటి సంగతి అడగకు.

నీ ఉత్తరం చూసి మనసు కష్టపెట్టుకున్న మాట నిజం. ఇంట్లో ఇన్నేళ్ళుగా తుడిచి, కడిగి, మడతపెట్టి పెట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. అదే తప్పంటే ఏం చెయ్యను? ఆ పూట అన్నం ముందు కూర్చుని మావయ్యతో అన్నాను, “చూశారా, పిల్ల నన్ను హంతకురాలిని చేసింది.” ఆయన నవ్వు ఆపుకుంటూ, “పోనీ శిక్ష ఏమిటో చెప్పిందా?” అన్నాడు. బురద మోయడమే శిక్ష అన్నాను.

ఆదివారం ఇద్దరం పాల క్యాన్లు పట్టుకుని గుంట దగ్గరికి వెళ్ళాం. దారి పొడుగునా ఒకటే ఎత్తిపొడుపు. “ఇల్లంతా తుడిచి తుడిచి, చివరికి బురద తెచ్చుకోడానికి బయల్దేరావేమోయ్?”

“మీరు జిగురు ఇంటికి మోసుకురావడం లేదూ? నేను బురద తెస్తే తప్పొచ్చిందా?”

“తప్పేం లేదు. రెండూ కలిపితే గోడ కట్టుకోవచ్చు.”

ఆ మనిషికి గుంట అంచున కాలు జారి మోకాలిదాకా దిగబడింది. అప్పుడు నేను నవ్వాను. ఇంటికొచ్చి నువ్వు చెప్పినట్టే అన్నీ వేశాను. నీళ్ళు కాఫీ రంగులోకి మారి, సాయంత్రానికి తేరుకున్నాయి. శుక్రవారం వచ్చింది. పీచు చేత్తో పట్టుకుని తొట్టి దాకా వెళ్ళి, ఊరికే చూసి వెనక్కి వచ్చాను.

ఇక రెండో సంగతి. అక్కడ ఏమీ లేదని రాశావు. చెట్టు లేదు, చేమ లేదు, ఉన్నానో లేనో తెలియడం లేదన్నావు. పన్నెండేళ్ళ పిల్ల రాయవలసిన మాటలా అవి? ఆ రోజే మీ నాన్నకి విడిగా ఉత్తరం రాసి పడేశాను. పిల్ల ఒంటరిదై బెంగపెట్టుకుంది, నవంబరు దాకా ఆగనక్కర్లేదు, తీసుకొచ్చి దించెయ్యమన్నాను. నువ్వేం కంగారుపడకు. నీ గదిలో పరుపు ఎండలో వేశాను.

నీ రాక కోసం చూసే
అత్త


ఏప్రిల్ 24

అత్తా, అత్తా,

నేను బెంగపెట్టుకోలేదు! ఏమీ లేదంటే ఎంత బాగుందో అని! నీకెలా చెప్పాలి? అక్కడ మన వీధిలో ఏది చూడాలన్నా ముందు ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. గోడ, స్తంభం, పక్కింటావిడ ఆరేసిన చీర. ఇక్కడ ఏదీ అడ్డం లేదు. చూపు వెళ్ళినంత దూరం వెళ్ళి, అలిసిపోయి, తనే వెనక్కి వస్తుంది.

నీ ఉత్తరం చదివి నాన్న జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు జీపు కిందే పడుకున్నాడు, బాగుచేస్తున్నట్టు. జీపుకి ఏమీ కాలేదు. మూడోరోజు టిఫిను తింటూ తల ఎత్తకుండా, “నీకిక్కడ ఏమీ లేదా అమ్మా?” అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది అత్తా. నువ్వు ఒట్టు తప్పావు. నేనే సరిగ్గా రాయలేదులే. ఇద్దరిదీ చెరిసగం.

ఎంత ఉందో చెబుతాను విను. గడ్డి చచ్చినట్టు కనిపిస్తుంది కానీ చావలేదు. పైన ఉన్నదానికంటే కింద ఎక్కువ ఉంది. శిబిరంవాళ్ళు నాన్నతో ఒక గొయ్యి తవ్వించారు. నేను లోపలికి దిగాను. నా తల మునిగే లోతులో కూడా వేళ్ళు వేలాడుతున్నాయి, జుట్టులాగా. చెదపురుగులు ఎండు గడ్డిని మోసుకుని పుట్టలోకి పోతున్నాయి. పేడపురుగు ఒకటి వెనక కాళ్ళతో ఉండ దొర్లిస్తూ నా చెప్పుకి గుద్దుకుని, చెప్పుని తిట్టినట్టు కాసేపు ఆగి, చుట్టు తిరిగి పోయింది. గడ్డిని మిడత తింటుంది. మిడతని తొండ తింటుంది, ఎలుక కూడా తింటుంది. ఎలుకని గుడ్లగూబ. గుడ్లగూబ చచ్చిపోతే మళ్ళీ గడ్డికే. దీన్ని ఆహార గొలుసు అంటారు కానీ టీచరు నల్లబల్ల మీద గీస్తే గొలుసులా లేదు, నీ అల్లిక సంచిలా ఉంది. ఒక పోగు లాగితే అన్నీ కదులుతాయి.

నమ్మకపోతే నీకొక సాక్ష్యం పంపిస్తున్నాను, విడిగా పార్సిల్లో. మన శిబిరం నీళ్ళ ట్యాంకు మీద ఉండే గుడ్లగూబది. జాగ్రత్తగా విప్పు.

చెప్పు మీద పేడ ఉండ మరక ఇంకా కడగని
మి.


మే 15

మిడతకి,

నీ పార్సిలు వచ్చింది. విప్పు అన్నావు, ఏం విప్పాలో రాయాలా వద్దా?

మావయ్య విప్పాడు. బూడిదరంగు ఉండ, బొటనవేలంత. చూసి, “సూదులు గుచ్చుకునే దూది ఉండ పంపింది నీ మేనకోడలు, ఎంత బుద్ధిమంతురాలో” అని నా కుట్టుపెట్టెలో పెట్టేశాడు. మర్నాడు పక్కింటావిడ సూది అరువడగడానికి వచ్చింది. నేనే పెట్టె తీసుకోమన్నాను. ఆవిడ సూది గుచ్చిన చోట పళ్ళు బయటికొచ్చాయి. ఎలుక పళ్ళు! ఆవిడ వేసిన కేకకి కొట్టులోంచి మావయ్య పరుగెత్తుకొచ్చాడు.

“వదినగారూ, మీ మీద ఎవరో పగబట్టారండీ!” అంది ఆవిడ.

“పగ కాదండీ, మా మేనకోడలి ప్రేమ” అన్నాడు మావయ్య.

గుడ్లగూబ ఎలుకని మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండచుట్టి కక్కేస్తుందని రాసిన నీ చీటీ పార్సిలు అడుగున దొరికేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఇప్పటికీ మన గుమ్మం ఎక్కడం లేదు.

పారేద్దామనే అనుకున్నాను. కానీ చేతికి వచ్చినదాన్ని లెక్క చూడకుండా పారేయడం నాకు చేతకాదు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, మావయ్య పట్టకారుతో విడదీసి, తెల్లకాగితం మీద సైజుల వారీగా పేర్చాను. రెండు పుర్రెలు, ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత. పక్కటెముకలు తలవెంట్రుకల్లా ఉన్నాయి. చివర్లో ఒక మిడత కాలు దొరికింది, రంపం పళ్ళతో సహా. దాన్ని చూసి ఎందుకో లోపల ఉలిక్కిపడ్డాను. దాన్ని మాత్రం వేరే పొట్లం కట్టి దాచాను.

తొట్టి సంగతి. గోడలకి పచ్చదనం వచ్చింది. పొద్దున పలచగా, మధ్యాహ్నానికి కాస్త చిక్కగా. నత్తలు దాంట్లో దారులు గీస్తున్నాయి, ఎవరో వేలితో గీసినట్టు. పోయిన వారం వాన పడ్డ మర్నాడు నీళ్ళమీద ఒక మూల గాజు పూసల ముద్ద తేలింది. ప్రతి పూసలో ఒక నల్ల చుక్క. నాలుగు రోజులకి చుక్కలు పొడుగయ్యాయి. ఇప్పుడు అన్నీ తోకలు! తోకకప్పలే కదూ?

పనంతా అయ్యాక మధ్యాహ్నం పెరటి మెట్టు మీద కూర్చుంటున్నాను. తొట్టిలో మబ్బు పోతుంటుంది, మబ్బులోంచి తోకకప్పలు ఈదుతుంటాయి. కాసేపు చూస్తే పైనున్నదేదో కిందున్నదేదో తెలియదు. మన ఇల్లే నీళ్ళ అడుగున ఉందనీ, ఎవరో పైనుంచి వంగి నన్ను చూస్తున్నారనీ అనిపిస్తుంది. నిన్న అలా కూర్చునే పొయ్యి మీద పాలు పొంగించాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

అలవాటు కొద్దీ తొట్టికి కూడా జమా ఖర్చూ వేద్దామని చూశాను. రాలిన ఆకు జమ. కుళ్ళిన ఆకు ఖర్చు. కానీ కుళ్ళింది నాచుకి జమ అయింది. నాచు ఖర్చయితే నత్తకి జమ అయింది. ఎక్కడా ఖర్చు కాలమ్ నిండడం లేదు. పెన్ను మూసేశాను. ఆ విచ్ఛిన్నకారులనే పేరు మాత్రం ఇంకెవరైనా పెట్టి ఉండాల్సింది. వింటే ఏదో ముఠాలా ఉంది.

పక్కింటావిడ గోడ మీదనుంచే, దోమలొస్తాయి, తొట్టిలో కిరోసిను పొయ్యమంది. “దోమ పిల్లల్ని తినడానికి తూనీగ పిల్లలున్నాయండీ లోపల, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం” అన్నాను. అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యమేసింది.

పాలగిన్నె తోముకోవలసిన
అత్త


జూన్ 8

తోకకప్పల అత్తకి,

అవే! అవే! నీ ఉత్తరం క్లాసులో చదివాను. కాలమ్ నిండడం లేదన్న దగ్గర మా టీచరు రెండోసారి చదవమంది. ఆవిడ అందరికీ ఒక పటం ఇచ్చింది. అడవి, ఎడారి, నది, సముద్రం, గడ్డి మైదానం, చెరువు. మీ ఇల్లు దేంట్లో ఉందో రంగు వేయమంది. నేను గడ్డికీ వేశాను, చెరువుకీ వేశాను. “ఒక్కటే వెయ్యాలమ్మా” అంది. ఏది చెరపాలో తెలియక రెండూ అలాగే ఇచ్చేశాను.

ఇక్కడ వాన వచ్చింది! నాలుగు రోజుల్లో పసుపంతా పోయి పచ్చ వచ్చింది. రోజూ పొద్దున వాన కొలిచే గాజు గొట్టం చూసి రాసే పని నాకిచ్చారు. అందులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో కన్ను గీతకి సమంగా పెట్టి చూడాలి. నిన్న గొట్టంలో చీమ పడి ఉంది. దాన్ని తీశాక కొలవాలా, తీయకముందా అని నాన్నా నేనూ గంట వాదించుకున్నాం. తర్వాత నాన్న గడ్డిలో వెల్లకిలా పడుకుని పాట పాడాడు. నాన్న పాడతాడని నీకు తెలుసా?

ఇప్పుడు ముఖ్యమైనది. తోకకప్పలకి ముందు వెనక కాళ్ళు వస్తాయి. తర్వాత ముందు కాళ్ళు. అప్పుడు తోక కరిగిపోతుంది, మొప్పలు పోయి ఊపిరితిత్తులు వస్తాయి. ఆ తర్వాత అవి నీళ్ళలోనే ఉండిపోలేవు. బయటికి ఎక్కాలి. మన తొట్టి గోడలు నిలువుగా ఉన్నాయి కదా, నాచుకి జారతాయి కూడా. అందుకని నీళ్ళలోంచి అంచు దాకా ఒక రాయి ఏటవాలుగా పెట్టు. గరుకుది. మర్చిపోకు అత్తా.

తడిసిన చెప్పులతో
మి.


జూన్ 27

మిడతకి,

రాయి పెట్టను.

కోపం తెచ్చుకోకుండా చదువు. వెనక కాళ్ళు వచ్చాయి, దారప్పోగుల్లా ఉన్నాయి. నిన్న తూనీగ పిల్ల ఒకటి నా కళ్ళముందే ఒక తోకకప్పని పట్టుకుంది. పుల్లతో విడిపించబోయి, నువ్వు ఊరికే చూడమన్నావని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంతవరకు విన్నాను. కానీ రాయి పెడితే ఏమవుతుంది? ఎక్కి పోతాయి. గోడ అవతల మురికికాలువ, దాని అవతల రోడ్డు. ఇన్నాళ్ళు చూసుకున్నది కాలువలో పడిపోవడానికా? నువ్వు వచ్చేసరికి తొట్టిలో ఏముంటుంది, నీకేం చూపించను? నీళ్ళున్నాయి, నాచుంది, నీడ ఉంది. వాటికి ఇక్కడ ఏం తక్కువ? ఎలుకలు రాకుండా గోడకున్న తూముకి గుడ్డ కూడా కుక్కాను.

నీ గదికి కొత్త తెర కుట్టాను. నీలం మీద తెల్ల చుక్కలు. నీ పాత గౌను పొడుగు విప్పి మళ్ళీ మడిచాను, నువ్వు ఎంత పెరిగావో తెలియక ఊహించి కుట్టాను.

మీ నాన్న పాడతాడని నాకు తెలియకపోవడమేం? చిన్నప్పుడు వాడికి పాట నేర్పింది నేనే. మీ అమ్మ పోయాక మానేశాడు.

అడగకూడదు కానీ, ఉండబట్టక అడుగుతున్నాను. నవంబరుకి ఇంకా చాలా ఉంది. ఏమనుకుంటున్నావో ఇప్పుడే ఒక్క మాట రాస్తే, నేను రోజూ గుమ్మంకేసి చూడకుండా ఉంటాను కదా.

అత్త


జూలై 14

ప్రియమైన అత్తకి,

ఆరోగ్యం: నేనూ నాన్నా ఆరోగ్యంగా ఉన్నాం.

తిండి: బాగానే తింటున్నాను.

చదువు: నెల పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి.

కబుర్లు: నవంబరులో నేను నీ దగ్గరికి వచ్చేస్తాను. నాన్నకి చెప్పాను. సరే అమ్మా అన్నాడు. నువ్వు రోజూ గుమ్మంకేసి చూడక్కర్లేదు. తెర బాగుంటుంది, నాకు నీలం ఇష్టం. రాయి సంగతి నీ ఇష్టం.

మావయ్యని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు


జూలై 30

నా బంగారు మిడతకి,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చదివి, మడిచి, కొంగున పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. మావయ్యకి చెప్పాను, పక్కింటావిడకి గోడ మీదనుంచి చెప్పాను. ఆవిడ గుడ్లగూబ సంగతి మర్చిపోయి సంతోషించింది. ఆ సాయంత్రం మళ్ళీ చదివాను. మూడోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయాను. నేను చెప్పిన వరసలో రాశావు. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ ఏదో ఒక పురుగు పాకుతూ ఉంటుంది. ఇందులో ఒక చీమ కూడా లేదు.

శుక్రవారం పొద్దున తొట్టి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మీద ఒకటి వెల్లకిలా తేలుతోంది. నాలుగు కాళ్ళూ వచ్చేశాయి, తోక మొదలు మాత్రం కాస్త మిగిలి ఉంది. గోరంత కప్ప. పొట్ట తెల్లగా ఉంది. మిగతావి గోడని పట్టుకుని పైకి పాకుతున్నాయి, నాచు మీద జారి పడుతున్నాయి, మళ్ళీ పాకుతున్నాయి. రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను అలా చెయ్యడం. ఆడుకుంటున్నాయనుకున్నాను, మిడతా. నిజంగా ఆడుకుంటున్నాయనుకున్నాను.

తడి చేతులతోనే కొట్టులోకి పరుగెత్తాను. మావయ్య అతికించిన పుస్తకాల మీద బరువుకి ఒక పలక రాయి పెడతాడు చూడు, ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంటుంది, దాన్ని ఎత్తబోయాను. “ఏమోయ్, అట్టలు ఇంకా ఆరలేదు, లేచిపోతాయి” అన్నాడు. నా మొహం చూసి తనే మోసుకొచ్చాడు. గరుకు పక్క పైకి వచ్చేలా ఇద్దరం కలిసి నీళ్ళలోంచి అంచుకి వాలుగా దించాం.

చాలాసేపు ఏమీ జరగలేదు. మావయ్య అట్టల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఎండ తొట్టిలోకి దిగింది. అప్పుడు ఒకటి రాయి అంచున తల పెట్టింది. సగం నీళ్ళలో, సగం బయట. గొంతు కిందనుంచి చర్మం ఆడుతోంది, గాలి పీల్చడం అప్పుడే నేర్చుకుంటున్నట్టు. నేను కూడా దానితోపాటే పీల్చానేమో. ఇంకొంచెం ఎక్కింది. ఆగింది. రాయి చివర నిలబడి పెరడంతా చూసింది. ఆ ఎత్తునుంచి దానికి ఏమీ అడ్డం లేదు. దూకింది.

ఆ వెనకే మరొకటి. తర్వాత లెక్కపెట్టలేదు. నేను, లెక్కపెట్టకుండా కూర్చున్నాను! పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం మావయ్య వచ్చి పక్కన కూర్చుని రొట్టె ముక్క చేతిలో పెడితే తిన్నాను. లేచి గోడ తూములో కుక్కిన గుడ్డ లాగేశాను. కాలువ గట్టున గడ్డి బాగా పెరిగి ఉందని అప్పుడే చూశాను. ఇన్నేళ్ళుగా ఆ వాసనకి ముక్కు మూసుకుని పోవడమే తప్ప, అటు చూసింది లేదు. గడ్డి కొసలు కదిలాయి, ఒకదాని తర్వాత ఒకటి, లోపలికి. గాలి లేదు.

చచ్చిపోయినదాన్ని నీళ్ళలోనే ఉంచాను. నత్తలు వచ్చాయి. అది కూడా ఎవరికో జమ అవుతుందని తెలుసు. తెలిసినా చూడలేకపోయాను, అటు తిరిగి కూర్చున్నాను.

ఇప్పుడు విను. నవంబరులో నువ్వేం చెప్పాలో నేను చెప్పను. వచ్చేస్తానని చెబితే నీ కోసం చెప్పు, ఉండిపోతానని చెబితే నీ కోసం చెప్పు. అత్త గుమ్మంకేసి చూస్తోందని మాత్రం చెప్పకు. గుమ్మంకేసి చూడటం నా అలవాటు, నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు కూడా చూసేదాన్ని. పొద్దున ఆ గొట్టంలో గీత చూసేది నువ్వే కదా, నువ్వు వచ్చేస్తే వాన ఎంత పడిందో ఎవరు చెబుతారు? వాడు మళ్ళీ పాడుతున్నాడని రాశావు. ఆ మాట మీద నుంచి గబగబా చదువుకుంటూ పోయాను. ఇప్పుడు మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాను.

నీ గదిలో బోర్లించిన పుస్తకం తీసి, పేజీ మడిచి అరలో పెట్టాను. కిటికీ తీసే ఉంచాను.

ఈ ఉత్తరంలో ఆరోగ్యం, తిండి, చదువు ఏవీ రాయలేదని ఇప్పుడే చూసుకున్నాను. ఉండనీ.

మెట్టు మీద నుంచి లేవని
అత్త


ఆగస్టు 17

అత్తా!

నీ ఉత్తరం మీద ఇప్పుడొక గొల్లభామ కూర్చుంది. దాన్ని లేపడం ఇష్టంలేక పక్క పేజీ ముందు చదివాను, అందుకని నాకు కప్పలు ముందు దూకి, తర్వాత రాయి ఎక్కాయి.

నాన్నకి చదివి వినిపించాను. బయటికి వెళ్ళి జీపు తుడిచాడు. తర్వాత జీపు కింద దూరలేదు, గుడ్డ అక్కడే వదిలేసి వచ్చి నా జడ వేశాడు. ఒక పక్కకి పోయింది. అలాగే బడికి వెళ్ళాను.

నేను ఇక్కడ ఉంటాను అత్తా. నా కోసమే. నీకు చెప్పాలంటే భయమేసి, ముందు నీళ్ళ ట్యాంకు మీద గుడ్లగూబకి చెప్పి చూశాను. మెడ మొత్తం వెనక్కి తిప్పుకుంది. నువ్వలా చెయ్యవని తెలుసు.

సెలవులన్నీ నీ దగ్గర. నీలం తెర తియ్యకు. గౌను పొట్టి అవుతుంది, విప్పి ఇంకాస్త వదులు.

టీచరు పటం తిరిగి ఇచ్చింది. రెండు రంగులూ చెరపలేదు. పక్కన చిన్న కప్ప బొమ్మ గీసి ఇచ్చింది.

ఇంకోటి, ఇది మర్చిపోకు. ఆ కప్పలు పెద్దవై, పెద్ద వానలు పడ్డప్పుడు గుడ్లు పెట్టడానికి మళ్ళీ నీళ్ళ దగ్గరికే వస్తాయట. నువ్వు రాయి లోపలే కదా పెట్టావు. తొట్టి బయట గోడ కూడా నిలువే. బయటివైపు కూడా ఒకటి వాలుగా పెట్టు అత్తా, గరుకుది. మావయ్య దగ్గర ఇంకో రాయి ఉండాలి.

చదువు, తిండి, ఆరోగ్యం బాగున్నాయి.

వంకర జడతో
నీ మిడత